శుక్రవారం వరకా, శుక్రవారం లోపా?

ప్రశ్న: అక్కా, నాది పరకాల దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత హన్మకొండలో బీకాం. రెండేళ్లుగా వరంగల్‌లో ఒక జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు తీసే మిల్లు) ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్నటి దాకా కాంటా చీటీలు, లారీ లెక్కలు చూసుకునేవాణ్ని. ఇప్పుడు కోయంబత్తూరు వైపు స్పిన్నింగ్ మిల్లులకు మెయిళ్లు కూడా నన్నే రాయమంటున్నారు. ఒక్క మెయిల్‌కు గంట పడుతోంది. పోయిన వారం నేను రాసిన మెయిల్‌ని మా మేనేజర్ అందరి ముందు పెద్దగా చదివి నవ్వారు. అప్పటినుంచి సెండ్ నొక్కాలంటేనే టెన్షన్. గ్రామర్ పుస్తకం కొన్నాను, టెన్సుల దగ్గరే ఆగిపోయాను. స్పోకెన్ ఇంగ్లిష్‌కు 6 వేలు అడుగుతున్నారు. ఫ్రెండ్స్ ఏమో ఫోన్‌లో ఏఐతో రాయించుకో, చాలు అంటున్నారు. ఏం చేయమంటారు? ఆ మెయిల్ కూడా పంపుతున్నాను, చూడండి.
– ఒక తమ్ముడు, వరంగల్

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం ఒకసారి చదివాను, మెయిల్ మాత్రం మూడుసార్లు చదివాను. మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి మిల్లు పేరు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

"రెస్పెక్టెడ్ సర్, డ్యూ టు హెవీ రెయిన్ అండ్ లారీ ఈజ్ నాట్ కమింగ్ అండ్ లేబర్ ఆల్సో నాట్ దేర్ సర్, సో వీ ఆర్ సెండింగ్ 100 బెయిల్స్ అన్‌టిల్ ఫ్రైడే సర్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ సర్."

మీ మేనేజర్ ఏ మాట దగ్గర నవ్వారో నువ్వు రాయలేదు. బహుశా "లేబర్ ఆల్సో నాట్ దేర్" దగ్గర అయి ఉంటుంది. అది తప్పే, కానీ దానివల్ల ఎవరికీ రూపాయి పోదు. హమాలీలు దొరకలేదని కోయంబత్తూరులో చదివినవాళ్లకు అర్థమైపోతుంది. డబ్బులు పోగొట్టే మాట ఇంకొకటి ఉంది. "అన్‌టిల్ ఫ్రైడే". దాన్ని ఆఫీసులో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మన దిక్కు "శుక్రవారం వరకు పంపిస్తా" అంటే శుక్రవారానికల్లా సరుకు అందుతుందని. "శుక్రవారం వరకు ఇక్కడే ఉంటా" అంటే ఆ రోజు దాకా ఉండి తర్వాత పోతానని. రెండు చోట్లా ఒకటే "వరకు". పక్కనున్న మాటను బట్టి మనకు తేడా తెలిసిపోతుంది కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇంగ్లిష్‌లో ఆ రెండింటికీ రెండు మాటలున్నాయి. గడువు లోపల ఒకసారి జరిగి అయిపోయే పనికి బై. గడువు దాకా సాగుతూ ఉండేదానికి అన్‌టిల్. "బై ఫ్రైడే" అంటే శుక్రవారం లోపు లోడు వస్తుంది. "అన్‌టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం దాకా పంపుతూనే ఉంటాం, తర్వాత ఆపేస్తాం. రోజుకు 100 చొప్పున వస్తాయని వాళ్లు అనుకున్నా కాదనడానికి లేదు. బేలుకు, అంటే ఒక దూది కట్టకు, 170 కిలోలు వేసుకో, 100 బేళ్లంటే 17 టన్నులు, ఒక లారీ లోడు. వచ్చేది ఒక లోడా, నాలుగు లోడ్లా అన్నది ఆ ఒక్క మాటలో తేలాలి. సరుకు వెంట లారీలో వెళ్లే ఈ-వే బిల్లు నువ్వు రోజూ చూస్తావు, దానితో దీన్ని గుర్తుపెట్టుకో. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన దానికి గడువు ఇస్తారు కదా. ఆ గడువు దాకా అది చెల్లుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ అన్‌టిల్ సరైన మాట. లారీ మాత్రం ఒక్కసారే చేరుతుంది కాబట్టి దానికి బై. "మూడు రోజుల లోపు" అని రోజుల లెక్క చెప్పాల్సి వస్తే విత్‌ఇన్.

దీని గురించి ఇంత సేపు ఎందుకు చెబుతున్నానంటే, నేను ఇదే గుంతలో పడ్డాను. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఆఫీసులో కొత్తగా చేరిన రోజులవి. టాన్ బ్రౌన్ రకం గ్రానైట్ బ్లాకులు 15వ తేదీ వరకు యార్డుకు వస్తాయని కొనే పార్టీకి రాయమన్నారు. "ద బ్లాక్స్ విల్ బీ ఇన్ ద యార్డ్ అన్‌టిల్ ద ఫిఫ్టీన్త్" అని రాసి పంపాను. నా మనసులో ఉన్నది 15 లోపు వచ్చేస్తాయని. వాళ్లు చదువుకున్నది 15 దాకానే యార్డులో ఉంటాయి, ఆ తర్వాత వేరేవాళ్లకు వెళ్లిపోతాయని. అందుకని 11వ తేదీనే బ్లాకులు చూసే మనిషిని పంపించారు. ఆయన రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే వచ్చి నిలబడితే యార్డు ఖాళీగా ఉంది. బ్లాకులు ఇంకా క్వారీలోనే ఉన్నాయి. ఆయన కోప్పడలేదు. ఫోన్‌లో నా మెయిల్ తెరిచి, ఆ లైను కింద బొటనవేలు పెట్టి నాకు చూపించారు. ఆ రోజు ఆయనకు టిఫిన్ తెప్పించి, బస్ టికెట్ డబ్బులు ఆఫీసు నుంచి ఇప్పించి పంపేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ.

కాబట్టి ఈ మూడు నెలలు నువ్వు చేయాల్సింది ఇంగ్లిష్ మొత్తం నేర్చుకోవడం అనుకోకు. డబ్బు, తేదీ, లెక్క, ఎవరు చేయాలి అన్న నాలుగు విషయాలను తారుమారు చేసే మాటలేవో ముందు పట్టుకో. నవ్వు తెప్పించే తప్పుల సంగతి తర్వాత చూద్దాం. గ్రామర్ పుస్తకానికి ఈ తేడా తెలియదు, అది అన్ని తప్పులనూ ఒకే వరసలో కూర్చోబెడుతుంది. నువ్వు టెన్సుల దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు.

నీ పనిలో అలాంటి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. మార్కెట్ వార్తలో "ప్రైసెస్ రోజ్ బై 500 రుపీస్" అని ఉంటే 500 పెరిగిందని. "రోజ్ టు 55,500" అని ఉంటే 55,500కి చేరిందని. బై అంటే ఎంత పెరిగింది, టు అంటే ఎంతకు వచ్చింది. కాంట్రాక్టులో "ద బయ్యర్ షల్ లిఫ్ట్ ద గూడ్స్ విత్‌ఇన్ టెన్ డేస్" అని ఉంటే కొన్నవాళ్లు 10 రోజుల్లో సరుకు ఎత్తి తీరాలి. అదే కాగితంలో "ద సెల్లర్ మే చార్జ్ ఇంటరెస్ట్" అని ఉంటే అమ్మినవాళ్లు వడ్డీ వేయొచ్చు, వేయకపోవచ్చు, వాళ్లిష్టం. షల్, మే రెండింటినీ ఒకేలా చదివితే ఆ కాగితం చదివినట్టే కాదు. "సబ్జెక్ట్ టు క్వాలిటీ రిపోర్ట్" అన్నది కనబడితే అక్కడ ఆగు. రిపోర్టులో స్టేపుల్ (పింజ పొడవు), తేమ అనుకున్నట్టు వస్తేనే ఆ రేటు నిలుస్తుందని దాని అర్థం. చాలామంది ఆ నాలుగు మాటలు దాటేసి అంకె మాత్రమే చూస్తారు.

ఇక నీ మెయిల్‌లో బేలు. దూది బేలుకు స్పెల్లింగ్ బి ఏ ఎల్ ఈ. నువ్వు రాసింది బి ఏ ఐ ఎల్, అది కోర్టులో ఇచ్చే బెయిల్. రెండూ పలకడం ఒకటే, రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే, అందుకని కంప్యూటర్ కింద ఎర్ర గీత పెట్టదు. పత్తి ఆఫీసులో ఉండి ఈ ఒక్క మాట తప్పు రాయకు, దయచేసి.

వాక్యం అల్లే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నీకు గంట పట్టేది అక్కడే. తెలుగులో మనం కారణాలన్నీ ముందు పేర్చి, అసలు ముచ్చట చివరికి తెస్తాం. "వాన గట్టిగా పడ్డందుకు, లారీ రానందుకు, హమాలీలు దొరకనందుకు లోడు శుక్రవారం వస్తుంది." మన క్రియ చివర ఉంటుంది కాబట్టి వినేవాళ్లు చివరి దాకా ఆగుతారు, అది మనకు అలవాటు. ఇంగ్లిష్‌లో కర్త పక్కనే క్రియ వచ్చేస్తుంది. నువ్వు తెలుగు వరసలో కారణాలు మోసుకుంటూ వెళ్తే దారిలో వాక్యం తెగిపోతుంది, అండ్, అండ్, సో అని అతుకులు వేయాల్సి వస్తుంది. నీ మెయిల్‌లో జరిగింది అదే. నీకు గ్రామర్ రాక కాదు, మోయలేనంత బరువు ఒక్క వాక్యం మీద వేశావు. ముందు అసలు ముచ్చట ఒక వాక్యంలో పెట్టు, ఫుల్‌స్టాప్ కొట్టు. తర్వాత కారణం ఇంకో వాక్యం. తర్వాత నువ్వేం చేస్తావో, వాళ్లేం చేయాలో ఇంకోటి. ఏ వాక్యమూ పన్నెండు పదిహేను మాటలు దాటనివ్వకు. చిన్న వాక్యాలు రాస్తే చదువురానివాళ్లలా కనబడతామేమో అన్న భయం మన తెలుగు మీడియం పిల్లల్లో ఉంది, నాకూ ఉండేది. రోజుకు వంద మెయిళ్లు చదివే కొనుగోలు మేనేజర్‌కు చిన్న వాక్యమే కావాలి.

ఇంకొక సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది. నీ మెయిల్‌లో నాలుగు సర్‌లున్నాయి. ఎందుకంటే మన మర్యాద క్రియలోనే ఉంటుంది. "పంపు" వేరు, "పంపండి" వేరు. ఇంగ్లిష్ క్రియకు "అండి" అతకదు కాబట్టి మనకేదో వెలితిగా అనిపించి, ఆ అండి స్థానంలో సర్‌లు వేసుకుంటూ పోతాం. అక్కడ మర్యాద ప్రశ్న రూపంలో ఉంటుంది. "సెండ్ ద పేమెంట్" అంటే డబ్బులు పంపు అన్నట్టు. దానికి పది సర్‌లు తగిలించినా అది ఆజ్ఞే. "కుడ్ యు ప్లీజ్ సెండ్ ద పేమెంట్ బై మండే" అంటే సోమవారం లోపు పంపిస్తారా అండీ అన్నట్టు. మొదట్లో ఒక్క డియర్ సర్ చాలు, పేరు తెలిస్తే పేరుతోనే రాయి. "డూ ద నీడ్‌ఫుల్" తప్పేమీ కాదు, పాతకాలపు ఆఫీసు మాట, మన దేశంలో అందరికీ తెలుసు. కానీ ఆ నీడ్‌ఫుల్ ఏమిటో నువ్వు చెప్పలేదు. అన్‌లోడింగ్‌కు మనుషుల్ని పెట్టాలా, ఆలస్యానికి ఒప్పుకోవాలా? ఏం కావాలో అదే రాయి.

టెన్సుల్లో నీకు ఇప్పుడు రెండు చోట్లు సరిచేసుకుంటే చాలు. "నిన్న పంపించాను" అన్నప్పుడు చాలామంది "ఐ హ్యావ్ సెంట్ యెస్టర్డే" అంటారు. నిన్న, మొన్న, పోయిన వారం, ఫలానా తేదీ అని జరిగిన కాలం చెప్పాక హ్యావ్ తీసేయాలి, "ఐ సెంట్ ఇట్ యెస్టర్డే". ఎప్పుడో చెప్పకుండా పంపాను అని మాత్రమే చెబితే "ఐ హ్యావ్ సెంట్ ద ఇన్‌వాయిస్" బాగుంటుంది. రెండోది, "రెండేళ్లుగా పనిచేస్తున్నాను". మనకు అది వర్తమానం కాబట్టి "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని వచ్చేస్తుంది. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అనాలి. ఎన్నాళ్లుగా అన్నదానికి ఫర్, ఎప్పటినుంచి అన్నదానికి సిన్స్. ఎ, యాన్, ద సంగతి ఇప్పుడు వదిలెయ్. తెలుగులో అవి లేవు కాబట్టి చెవికి పట్టడానికి టైమ్ పడుతుంది. చదువుతూ పోతే వాటంతట అవే వస్తాయి.

మాటలు నేర్చుకోవడం గురించి. రోజుకు పది కొత్త పదాలు బట్టీపట్టే పద్ధతి నీకు ఎవరైనా చెబితే వద్దను. మన ఇంట్లో చూడు. బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, ముఖం కడుక్కుంటాం. పని అదే, నీళ్లు పోసి మురికి వదిలించడం. కానీ బట్టలు తోముతాం అని ఎవరైనా అంటే ఆ మనిషి మన భాష మనిషి కాదని వెంటనే తెలిసిపోతుంది. ఏ మాట ఏ మాటతో జత కడుతుందో చిన్నప్పటినుంచి విని విని పట్టుకున్నాం. ఇంగ్లిష్ ఆఫీసు మాటలకూ అలాంటి జతలున్నాయి. ఆర్డర్ ప్లేస్ చేస్తారు, ఇన్‌వాయిస్ రైజ్ చేస్తారు, క్రెడిట్ నోట్ ఇష్యూ చేస్తారు, డ్యూస్ క్లియర్ చేస్తారు, గడువును మీట్ అవుతారు. మాటను ఒంటరిగా రాసుకోకు, జతగా రాసుకో. డిస్కస్ పక్కన అబౌట్ రాదు, "వీ డిస్కస్డ్ ద రేట్" అంతే. ఔట్‌స్టాండింగ్ అన్న మాటకు స్కూల్లో అద్భుతం అని చదివాం. అమౌంట్ పక్కన వస్తే మాత్రం అది బకాయి. "యువర్ ఔట్‌స్టాండింగ్ బ్యాలెన్స్" అని మెయిల్ వస్తే పొగుడుతున్నారనుకోకు.

చదవడానికి పుస్తకం కొనాల్సిన పనిలేదు, నీ ఆఫీసు ఇన్‌బాక్సే నీ పుస్తకం. కోయంబత్తూరు నుంచి వచ్చిన పాత మెయిళ్లలో సూటిగా, శుభ్రంగా రాసేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లవి ఒక పది ఎంచుకో. రోజుకు ఒకటే. మొదటిసారి గబగబా చదివి, విషయమేమిటో తెలుగులో నీకు నువ్వే చెప్పుకో. రెండోసారి పైకి చదువు, పెదాలు కదలాలి. తర్వాత ఆ మెయిల్ మూసేసి, తెలుగులో చెప్పుకున్నదాన్నే ఇంగ్లిష్‌లో చేత్తో కాగితం మీద రాయి. అప్పుడు అసలు మెయిల్ తెరిచి పక్కన పెట్టుకో. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ పెన్నుతో గీత. ఇరవై నిమిషాల పని. మొదటి వారం కాగితమంతా గీతలే ఉంటాయి, భయపడకు. ఏ గీతలు మళ్లీ మళ్లీ ఒకే చోట పడుతున్నాయో చూస్తే నీ గ్రామర్ పుస్తకంలో ఏ పేజీ తెరవాలో నీకే తెలుస్తుంది. ఆ ఒక్క పేజీ చదివి మూసెయ్.

వారానికి రెండు రోజులు పత్తి మార్కెట్ వార్త ఇంగ్లిష్‌లో చదువు. బిజినెస్‌లైన్ లాంటి పేపర్లలో వస్తాయి. నీకు దాంట్లో సగం విషయం ముందే తెలుసు. పత్తి క్వింటాలు లెక్కన, దూది క్యాండీ లెక్కన, క్యాండీ అంటే దాదాపు 356 కిలోలు అని ఇంగ్లిష్ ఎమ్మేలు చాలామందికి తెలియదు, నీకు తెలుసు. 2025-26కి పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు అని నువ్వు ఏనుమాముల మార్కెట్‌లో రైతుల నోటనే విని ఉంటావు. తెలిసిన విషయాన్ని తెలియని భాషలో చదివినప్పుడు మాటల అర్థం డిక్షనరీ తీయకుండానే తగులుతుంది. ఫర్మ్ అంటే ధర గట్టిగా ఉంది, ఈజ్డ్ అంటే కొంచెం తగ్గింది అని రెండు వార్తలు చదివేసరికి నీకే అర్థమవుతుంది.

తెలుగు మీడియం అని నువ్వు ఉత్తరంలో మొదటి లైన్లలోనే చెప్పుకున్నావు, అది నా మనసుకు కష్టంగా అనిపించింది. హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టిన 1904లో ఇక్కడ కచేరీ భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పెద్దలు కచేరీలో ఉర్దూ కాగితాలతో నెట్టుకొచ్చారు. వసూలు, బకాయి, రసీదు, జమ. చేతికి రోజూ తగిలే కాగితాల్లోని మాటలే వాళ్లకు ముందు వచ్చాయి, ఇప్పుడు అవి మన మాటలే అయిపోయాయి. నీ ముందున్న పని కూడా అంతే, కాగితం మారింది.

కోర్సు సంగతి. 6 వేలు నీ జీతంలో చిన్న మొత్తం కాదు. కట్టే ముందు వెళ్లి ఒక్క మాట అడుగు, నేను రాసిన మెయిళ్లు దిద్దుతారా అని. దిద్దుతామంటే ఒక క్లాసు కూర్చుని చూడు. పేరు, ఊరు, హాబీలు చెప్పించే క్లాసయితే ఇప్పుడు నీకు అక్కర్లేదు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్, బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల వెబ్‌సైట్లలో ఆఫీసు ఇంగ్లిష్ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, ఆడియోతో సహా.

ఏఐ వాడుకో, తప్పు లేదు. కానీ ముందు నువ్వు రాసి, తర్వాత దానికి చూపించు. నువ్వు తెలుగులో "శుక్రవారం వరకు" అని ఇస్తే అది కూడా అన్‌టిల్ అని రాసే అవకాశముంది. అప్పుడు పట్టుకోవాల్సింది నువ్వే. రేట్లు, పార్టీల పేర్లు అందులో పెట్టకు, అవి మిల్లు సొంత విషయాలు. పైగా కొనేవాళ్లు మెయిల్ చూసి ఫోన్ చేస్తే, ఆ ఫోన్ ఎత్తాల్సింది నువ్వు.

మీ మేనేజర్ అందరి ముందు చదివి నవ్వడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. అయినా ఆయన్ని తప్పించుకుని తిరగకు. తర్వాతి మెయిల్ ప్రింట్ తీసుకుని ఆయన దగ్గరికే వెళ్లు. "సార్, తేదీ, లెక్క సరిగ్గా ఉన్నాయా ఒకసారి చూడండి" అని అడుగు. ఇంగ్లిష్ ఎలా ఉందని అడగకు. పని గురించి అడిగితే ఎవరైనా పని గురించే జవాబిస్తారు.

నీ మెయిల్ నేనైతే ఇలా రాస్తాను. చదివి పక్కన పెట్టి, రేపు పొద్దున చూడకుండా నువ్వే ఒకసారి రాసి నాకు పంపు.

"డియర్ సర్, ద లోడ్ ఆఫ్ 100 బేల్స్ విల్ రీచ్ యు బై ఫ్రైడే. హెవీ రెయిన్ డిలేడ్ ద లారీ అండ్ ద లోడింగ్. ఐ విల్ సెండ్ యు ద లారీ నంబర్ బై 6 పీఎం టుమారో. కుడ్ యు ప్లీజ్ కన్ఫర్మ్ దట్ ఫ్రైడే ఈజ్ ఓకే ఫర్ అన్‌లోడింగ్? సారీ ఫర్ ద డిలే."